ఎడమ కాళ్ళు పొడుగు

1973 జూన్ 24

ఏం రాస్తున్నావని చిలకమ్మ అడిగింది. పచారీ సామాను చీటీ అన్నాను. చీటీకి ఇంత మందం పుస్తకం ఎందుకని మళ్ళీ అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నా అబద్ధం ఆవిడ కనిపెట్టని రోజు లేదు గనుక, ఇదీ కనిపెట్టే ఉంటుంది.

రాయాలని కూర్చున్నది స్క్రాప్ యార్డు గురించి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నన్ను ఇంజన్లు కూర్చే ఎరెక్టింగ్ షాపు నుంచి తీసి అక్కడ వేసి మూడు నెలలు దాటింది. స్టీము ఇంజన్ల పని తగ్గుతోంది, డీజిలుకు వయసులో ఉన్నవాళ్ళు కావాలి. ఈ అప్పలకొండ యాభై దాటాడు కాబట్టి పాత ఇంజన్లను కోసే చోట నిలబడి ఏ ముక్క ఎటు పోవాలో చెప్పాలి. ఇందులో తప్పెవరిదీ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజను చట్రాలకు తీగ పట్టి వంకర తీసిన చేత్తో ఇప్పుడు సుద్దముక్క పట్టుకుని ఇక్కడ కొయ్యి, అక్కడ కొయ్యి అని గీతలు గీస్తున్నాను. ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది గానీ, ఎవరి మీదా అని వెతికితే ఎవరూ దొరకడం లేదు.

డీజిల్ షెడ్డు తిమోతి కబురు పెట్టాడు, పూరీ గేట్‌లో వాళ్ళింటికి ఒకసారి రమ్మని. విమానం సంగతట.

జులై 1

నాలుగేళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్నా నేను చూడలేదు. ఇవాళ తిమోతి ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు తీస్తే, ఎదురుగా పసుపుపచ్చ విమానం. ఒక్క మనిషి కూర్చునేది. రెక్కలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. ముక్కు లేదు. ముక్కు ఉండాల్సిన చోట ఒక అడ్డగోడ, దాని నాలుగు మూలలా నాలుగు ఉక్కు చెవులు.

దీన్ని మెయిలు రైలు డ్రైవరు ఆర్థర్ ఇంగ్లండు నుంచి పెట్టెల్లో తెప్పించుకున్నాడు. ముక్కలు వాళ్ళు పంపుతారు, కూర్చుకోవడం మన పని. పెట్టెలు దిగిన ఏడాదే ఆర్థర్ కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ అన్నీ తిమోతికి ఇచ్చేశాడు. తిమోతి వైమానిక దళంలో పదిహేనేళ్ళు పారాషూట్లు మడతపెట్టాడు. ఎగిరేవాళ్ళను చూసి చూసి కడుపు మండి, బయటికొచ్చాక కలకత్తా ఫ్లయింగ్ క్లబ్బులో చేరి తానూ ఎగరడం నేర్చుకున్నాడు. ఇప్పుడు డీజిల్ షెడ్డు స్టోర్సులో పని. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఈ పసుపుపచ్చది.

"కర్ర పనంతా నానే సేసినాను కొండన్నా. గుడ్డ తొడిగినాను, రంగేసినాను. ఇంజను కాడ ఆగిపోయినాను. ఇనుంలో బెజ్జం అంటే నాకు సెయ్యి రాదు," అన్నాడు.

"నాలుగేళ్ళు ఆగినోడివి, ఇంకో ఏడాది ఆగు. సదువుకున్నోడెవడైనా దొరుకుతాడు," అన్నాను. నాకు బతిమాలించుకోవాలని ఉంది, అంతే.

"ఏడాది నేదన్నా. కళ్ళ డాక్టరు ఈ డిసెంబరు దాకానే రాసినాడు. ఆ పైన నాకు లైసెన్సు ఇవ్వరు. ఒక్కపాలి, నా సేత్తో కట్టినదాన్లో పైకెల్లి దిగితే సాలు."

నవ్వుతూ చెప్పాడు గానీ నా వైపు చూడలేదు. చేస్తానన్నాను. చేస్తాను.

జులై 8

ఇంజను మోసే చట్రం ఉక్కు గొట్టాలతో చేసిన నాలుగు కాళ్ళ పీట లాంటిది. దాని నాలుగు పాదాలూ విమానానికున్న నాలుగు చెవుల మీద ఆనాలి. పాదానికీ చెవికీ కలిపి ఒకే బెజ్జం, అందులో ఒక బోల్టు. అలా నాలుగు. ఇంజనూ దాని వెనక కూర్చున్న మనిషీ వేలాడేది ఈ నాలుగు బోల్టుల మీదే. బెజ్జాలు ముందే వేసి పంపరు, ఎందుకంటే ఎవరు కూర్చిన విమానం వాళ్ళ చేతిని బట్టి వెంట్రుకవాసి తేడాగా వస్తుంది. చెవుల మీద చట్రాన్ని నిలబెట్టి, చూసి, కొలిచి, అప్పుడు వేయాలి.

చట్రం బిగించాల్సిన తీరు చెప్పే కాగితం ఓడలోనే తడిసి ముద్దయింది. తిమోతి కంపెనీకి ఉత్తరం రాస్తే, కంపెనీ మూసేశారని తిరిగొచ్చిందట. పోనీ. ఇంజనుకు తీగ పట్టడానికి నాకు ఇంగ్లీషు కాగితం దేనికి?

ప్రొపెల్లరు బొడ్డుకు అడ్డంగా ఒక కమ్మీ కట్టాను. కమ్మీ కుడి కొస నుంచి తోక దాకా ఒక తీగ, ఎడమ కొస నుంచి తోక దాకా ఒక తీగ. రెండూ ఒకే పొడవు వస్తే ఇంజను తిన్నగా ఉన్నట్టు. రాలేదు. మళ్ళీ పట్టాను. రాలేదు. ఇంజను కుడి పక్కకు తిరిగి చూస్తోంది, అలిగిన కోడలి మాదిరి. చట్రాన్ని దించి కొలిస్తే ఎడమ కాళ్ళు రెండూ కుడి కాళ్ళ కన్నా పిసరంత పొడుగు.

"ఓడలో దెబ్బ తగిలుంటాది," అన్నాడు తిమోతి.

"దెబ్బ తగిలితే గొట్టం నొక్కుకుపోద్ది గానీ పొడుగవుద్దేటి? కోసినోడు సరిగా కొయ్యనేదు."

ఇంగ్లండులోనూ ఆదివారపు మత్తు దిగకుండానే సోమవారం పనిలోకి వచ్చేవాళ్ళు ఉంటారు కాబోలు. ఎడమ పాదాల అంచున పంచి మొనతో కొట్టిన చుక్క ఒక్కొక్కటి ఉంది, ఆ ఫిట్టరు గుర్తయి ఉంటుంది. కుడివాటికి వేయడం మరిచిపోయినట్టున్నాడు. కోతే సరిగ్గా రానివాడికి గుర్తు ఒకటి తక్కువైంది.

దీనికి మందు నాకు తెలుసు. పొట్టి కాళ్ళ కింద పేకింగ్ ముక్కలు వేసి ఎత్తు సరిచేయాలి. షాపులో ఎన్ని వందల సార్లు చేశామో.

జులై 9

తీగ అబద్ధం చెప్పదు.

జులై 15

బెజ్జాలు పడ్డాయి. నాలుగూ.

కుడి పాదాల కింద ఉక్కు పేకింగ్ ముక్కలు, ఆకురాయితో నునుపు చేసినవి. తీగలు రెండూ సరిసమానం. పాదాన్నీ పేకింగ్‌నూ చెవినీ కలిపి బిగించి, ముందు సన్నని బెజ్జం. తరవాత దాన్నే పెంచుకుంటూ పోయి, చివరి నూలు మందం మాత్రం బెజ్జం నునుపు చేసే రీమరుతో. ఒక బెజ్జం కాగానే బోల్టు దించి, రెండోది దాని పక్కన కాకుండా ఎదురు మూలన. అలా చేస్తే చట్రం జరగదు. బ్రెస్ట్ డ్రిల్లు రొమ్ముకు ఆనించి తిప్పుతుంటే ఉక్కు పొట్టు వేడివేడిగా చేతి మీద పడింది. ఆ వాసన పీల్చి ఎన్నాళ్ళయింది. బోల్టు చేత్తో నెడితే దిగాలి, వదిలేస్తే జారి పడకూడదు. నాలుగూ అలాగే దిగాయి.

మా షాపులో తీగ పట్టి పాసు చేసిన ఫిట్టరు తన గుర్తు వేయాలి. నాది పక్కపక్కనే రెండు చుక్కలు. పేకింగ్ ముక్కల మీద వేశాను. తిమోతి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఏడాది నాకు బాగున్న రోజు ఇదే.

ఆగస్టు 19

ఇంజను తిరిగింది. తోకను తాడుతో స్తంభానికి కట్టి, తిమోతి లోపల కూర్చుని, నేను ముందు నిలబడి ప్రొపెల్లరు విసిరాను. మూడోసారికి అందుకుంది. షెడ్డు రేకులు ఎగిరిపోతాయనిపించింది. పక్కింటి కోళ్ళు ఇంకా తిరిగి రాలేదు.

ఆపాక చూస్తే కుడి బోల్టులు రెండూ అర చుట్టు వదులయ్యాయి. బిగించాను. కొత్తవి, సర్దుకుంటాయి.

సెప్టెంబరు 9

విమానాన్ని లారీ మీద ఊరవతల సాలువాకు తీసుకెళ్ళాం. యుద్ధకాలం నాటి రన్‌వే, నెర్రెల్లో గడ్డి. అనుమతి తిమోతే తెచ్చాడు. ఎగరడం కాదు, నేల మీద పరుగు మాత్రమే. క్యాంపు జవాన్లు గట్టు మీద వరసగా కూర్చున్నారు, జాతర చూడటానికి వచ్చినట్టు.

ఇంజను జోరందుకోగానే విమానం ఎడమకు లాగింది. గడ్డిలోకి పోబోయి ఆగింది. రెండోసారీ అంతే. దిగి వచ్చిన తిమోతి మొహం వెలిగిపోతోంది.

"ఎడంపక్కకి ఎల్లిపోతందేటి?" అన్నాను.

"ప్రొపెల్లరు తిరిగే జోరన్నా. అన్ని ఇమానాలూ ఎంతో కొంత లాగుతాయి. కుడికాలితో తొక్కి పట్టాల. ఇది కొంచెం ఎక్కువ లాగతంది, అంతే."

అంతే అన్నాడు.

సెప్టెంబరు 10

ఎడమ టైరులో గాలి తక్కువై ఉంటుంది.

సెప్టెంబరు 11

టైరు చూశాను. గాలి సరిగ్గానే ఉంది. ఆ రోజు గాలే పక్క నుంచి వీచి ఉంటుంది.

కుడి బోల్టులు మళ్ళీ అర చుట్టు.

సెప్టెంబరు 14

గాలి పక్క నుంచే వీచింది. నాకు గుర్తుంది.

సెప్టెంబరు 17

విశ్వకర్మ పూజ. ఇవాళ పనిముట్టు ముట్టకూడదు. షాపులో లేతులకు బొట్లు, డ్రిల్లులకు బంతిపూలు, బెంగాలీవాళ్ళ ఢాకు డోళ్ళ మోతలు. మధ్యాహ్నం నుంచి ఖరగ్‌పూర్ ఆకాశం నిండా గాలిపటాలు. శ్రీకాకుళం చుట్టాలకు చెబితే ఈ పండక్కి పటాలేమిటని నవ్వుతారు. ఇక్కడ పుట్టినవాళ్ళకు పటం అంటే ఇవాళే. చిలకమ్మ ఈ రైలు క్వార్టర్లలోనే పుట్టింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇవాళ వంట పన్నెండింటికే ముగించి, కొంగు నడుముకు బిగించి మైదానంలోకి దిగుతుంది. మా వీధి బెంగాలాయన మిత్రా దాదా పటం నిరుడు కోసేసింది, ఆయన ఇప్పటికీ ఆవిడతో సరిగా మాట్లాడడు.

నేను గట్టున కూర్చుని చూస్తున్నాను. కొత్త పటం పైకి లేచింది గానీ ఎడమకే గుండ్రాలు తిరుగుతోంది. చిలకమ్మ చుట్టి కిందికి దించింది. కొంగు అంచు నుంచి ఒక పేలిక చింపి, పటం కుడి రెక్క కొసకు కట్టింది.

"మంచి పటానికి ఆ వికారం ఏటి? తిన్నగా ఉన్నదాన్ని పాడు సేస్తన్నావు," అన్నాను.

"తిన్నగా ఉండి ఏటి సెయ్యను మావా, తిన్నగా ఎల్లనేనప్పుడు? ఎడమకి లాగేదానికి కుడేపు కట్టాల. సిన్నపిల్లలకీ తెలుసు."

పటం లేచింది. దారం మీద నిలబెట్టినట్టు నిలబడింది.

ఏటి మావా దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావని ఆవిడ వెనక నుంచి అడుగుతూనే ఉంది, నేను సైకిలెక్కాను. పూరీ గేట్‌లో తిమోతి లేడు. తాళంచెవి కుండీ కింద ఉంటుందని తెలుసు. షెడ్డులోకి వెళ్ళి, పనిముట్టు ముట్టకూడదు గనుక గోటితో గ్రీజు గీకాను. ఎడమ పై పాదం మీద చుక్క. ఎడమ కింద పాదం మీద చుక్క. కుడివాటికి లేవు. ఆ ఫిట్టరు మరిచిపోలేదు. పొరబాటున పొడుగైన కాలికి ఎవడూ గుర్తు వేయడు. కూర్చేవాడు కుడీ ఎడమా మార్చేస్తాడేమోనని వేస్తాడు.

ప్రొపెల్లరు ఎడమకు లాగుతుందని వాడికి తెలుసు. అందుకే ఇంజనును కుడికి తిప్పి పెట్టాడు. నేను వాడి వంకర తీసేశాను. తీసి, నా గుర్తు కూడా వేశాను.

తీగ అబద్ధం చెప్పలేదు. రైలు పట్టాల మీద నడిచేదానికి అడగాల్సిన ప్రశ్న నేను గాల్లో నడిచేదానికి అడిగాను.

సెప్టెంబరు 18

పని దిగగానే వెళ్ళి చెప్పాను. తిమోతి కుడి పాదాల పేకింగ్‌ను వేలితో తడిమాడు. తరవాత అన్న మాట ఇది: "కుడికాలు తొక్కి పడితే పోయేదానికి మళ్ళీ మొదటి కాడికి ఎల్తామా?"

"పేకింగ్ తీసేస్తే పాదాలు జరుగుతాయి. పాత బెజ్జంలో సగానికి సగం పక్కకి పోద్ది. కొత్త సెవులు సెయ్యాల, కొత్త బెజ్జాలు."

"ఎన్నాళ్ళు?"

"నవంబరు దాటొచ్చు."

"నా కళ్ళు డిసెంబరుతో సరి. మధ్యలో ఏదైనా తేడా వస్తే? ఒద్దన్నా. నాను తొక్కుకుంటాను."

"ఇంజను అదురుకి పేకింగ్ నలుగుతంది తిమోతీ. బోల్టులు వదులవుతున్నాయి. పైన ఎవుడు బిగిస్తాడు?"

అప్పుడు అన్నాడు. "స్క్రాప్ యార్డులో తోచక నా ఇమానం కాడ కాలచ్చేపం సెయ్యకు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేనని ఊళ్ళో పేరు. ఇన్నాళ్ళూ నిజమే. ఇవాళ మాత్రం నాలుగు కాళ్ళూ లెక్కపెట్టుకుని చెప్పాను. ఆ మాట నొప్పి పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ ఆ షెడ్డు గుమ్మం తొక్కనని దారంతా అనుకుంటూ వచ్చాను.

సెప్టెంబరు 19

తొక్కాను. తిమోతి డ్యూటీలో ఉండగా వెళ్ళి, ఇంజను కింద దిమ్మలు పేర్చి, నాలుగు బోల్టులూ, రెండు పేకింగ్ ముక్కలూ ఊడదీసి ఇంటికి తెచ్చాను. బోల్టులు కిట్‌తో వచ్చినవి, బజారులో దొరికేవి కావు. బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను.

దొంగతనమే. సిగ్గు లేదు.

సెప్టెంబరు 20

చిలకమ్మ బియ్యం కొలుస్తూ బోల్టు తీసి నా ముందు పెట్టింది. "ఇది ఉడకదు మావా," అంది. మొత్తం చెప్పాను. విని, బోల్టును మళ్ళీ డబ్బాలోనే వేసింది.

సెప్టెంబరు 27

తిమోతి రాలేదు.

అక్టోబరు 3

రాలేదు. డీజిల్ షెడ్డు గేటు దగ్గర ఎదురుపడ్డాడు. తల తిప్పుకున్నాడు. అతను ఏ బోల్టులో వెతికి వేసి సాలువా తీసుకుపోతాడేమోనని రోజూ అటు వెళ్ళే లారీలను చూస్తున్నాను. భయంగా ఉంది. పేకింగ్ నా దగ్గరే ఉన్నా అతని దగ్గర రేకులున్నాయి, చేతులున్నాయి, అన్నిటికన్నా తొందర ఉంది.

అక్టోబరు 7

నిన్న దసరా. ఇవాళ తిమోతి మా ఇంటికి వచ్చాడు. నన్ను చూడకుండా చిలకమ్మతో అన్నాడు, "వదినా, మీ ఇంట్లో నా సామాను ఉంది."

"ఉంది బాబూ. కూకో, తెస్తాను," అని లోపలికి పోయి బోల్టులు తీసుకురాలేదు. అటక మీది నుంచి పటం తెచ్చింది. పేలిక విప్పేసింది. "ఇది ఎగరెయ్యి. నువ్వు ఇమానం నడిపేవోడివి, దారం నడపలేవా," అని అతని చేతికి దారపు చుట్ట ఇచ్చింది.

మైదానంలో మధ్యాహ్నపు ఎండలో ఇద్దరు పెద్దమనుషులం ఒక ఆడమనిషి చెప్పినట్టు పటం పట్టుకుని నిలబడ్డాం. లేచింది. ఎడమకే పడిపోతోంది. తిమోతి దారం లాగాడు, వదిలాడు, కుడికి ఉరికాడు. ఊపిరి అందక ఆగాడు.

"సేతిలో బలమున్నంతసేపూ లాగి పట్టగలవు. సెయ్యి నొప్పెట్టాక?" అని అడిగింది చిలకమ్మ.

తిమోతి పటాన్ని దించాడు. దారం చుడుతూ నాతో అన్నాడు, "అన్నా, నాకు కళ్ళ కన్నా ముందు గుండెదైర్నం పోతంది. డిసెంబరు దాటితే నాను ఇంక నేల మీది మనిషినే."

"డిసెంబరు లోపల ఇస్తాను. ఇవ్వకపోతే నన్ను స్క్రాప్ యార్డు మనిషనే పిలువు, పలుకుతాను."

"ఆ మాట తప్పన్నా."

"తప్పే. పని సూద్దాం పద."

అక్టోబరు 21

కిట్‌తో వచ్చిన ఉక్కు రేకులో మిగిలిన ముక్క నాలుగు చెవులకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కటి పాడైనా ఇంకోదానికి చాలదు. బయట దొరికే రేకు వేయను. యార్డులో గుట్టలుగా పడి ఉంది, ఏ పోతలో ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియని ఇనుము. దాని మీద మనిషిని వేలాడదీయను.

ఆకురాయి పని. రోజూ డ్యూటీ దిగాక వెలుగున్నంతసేపు. తొందరపడను.

నవంబరు 6

మూడో చెవి అయింది. వేలు తెగింది. పని ఆగలేదు.

నవంబరు 13

రాయకూడదనుకున్నాను.

ఇవాళ యార్డులోకి వచ్చిన ఇంజను నాది. ఎరెక్టింగ్ షాపులో నేను సొంతంగా తీగ పట్టిన మొట్టమొదటిది. చట్రం లోపలి పక్క మసి తుడిచి చూస్తే రెండు చుక్కలు, నిన్న వేసినట్టున్నాయి. కోసేవాళ్ళు గ్యాసు దీపం వెలిగించుకుని నా సుద్దగీత కోసం నిలబడ్డారు. గీశాను. చుక్కల మీదుగా కాకుండా ఒక జానెడు పక్కన గీశాను. అంత మాత్రం చేయగలిగాను. ఇంటికొచ్చాక ఏడ్చాను. చిలకమ్మ చూసి అన్నం కలిపి పెట్టింది.

నవంబరు 18

నాలుగు చెవులూ బిగించాం. పేకింగ్ లేదు. పాదాలు వాటి దారిన అవి ఆనాయి. తీగలు పట్టాను. ఎడమది పొడుగు, కుడిది పొట్టి. ఇంజను మళ్ళీ కుడికి తిరిగి చూస్తోంది.

నా చెయ్యి ఊరుకోవడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ చెయ్యి, తీగల్లో తేడా కనిపిస్తే సరిచేసేదాకా నిద్రపోదు. అయినా ముట్టుకోను. ఎవరో ముఖం తెలియని ఫిట్టరు నా కన్నా ముందు ఆలోచించి పెట్టిన వంకర ఇది. దీన్ని కాపాడటమే ఇప్పుడు నా పని.

నవంబరు 25

ఉదయం వెలుగు బాగుంది. తిమోతి చట్రం పట్టుకున్నాడు, నేను డ్రిల్లు.

మొదటి బెజ్జం ఎడమ పైన, పాదంలోని పాత బెజ్జానికి సరిగ్గా ఎదురుగా కొత్త చెవిలో. పంచితో గుంట పెట్టే ముందు మూడుసార్లు కొలిచాను. సన్నని బెజ్జం తిన్నగా పోయింది. పెంచాను, రీమరు తిప్పాను, బోల్టు చేత్తో నెట్టాను. దిగింది. ఎదురు మూల, కుడి కింద. దిగింది. తరవాత కుడి పైన. దిగింది.

మిగిలింది ఎడమ కింద. డ్రిల్లు ఆనించాను గానీ తిప్పలేదు. ఇది జారితే రేకు లేదు, విమానం లేదు, డిసెంబరు లేదు. రొమ్ము మీద డ్రిల్లు పిడి నా గుండెతోపాటు ఎగిరిపడుతోంది. తిమోతికి తెలిసిపోయింది.

"టీ తాగుదామా అన్నా?"

"తాగుదాం."

టీ తాగుతూ అతను వైమానిక దళం సంగతి ఒకటి చెప్పాడు. పారాషూట్ మడతపెట్టినవాడు దాని మీద పేరు రాయాలట, దూకి విప్పుకునేవాడికి ఎవరు మడతపెట్టారో తెలియాలని. "దూకి దిగినోడెవుడూ నా దగ్గరికొచ్చి బాగా మడతెట్టినావని సెప్పనేదన్నా. తెరుసుకోకపోతే మటుకు పేరు ఎతుక్కుంటూ వస్తారు. పదిహేనేళ్ళు ఎవుడూ రానేదు."

లేచి వెళ్ళి నాలుగో బెజ్జం వేశాను. బోల్టు దిగింది. వదిలాను. జారి పడలేదు.

తిమోతి పంచి తెచ్చి ఇచ్చాడు, గుర్తు వెయ్యమని. వద్దన్నాను. ఒకసారి ముందే వేసి చెడ్డాను.

డిసెంబరు 9

సాలువా. నేల మీద పరుగు. తిన్నగా పోయింది. బోల్టులు చూశాను, కదలలేదు. లారీ నుంచి దించాక మళ్ళీ చూశాను. కలకత్తా నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చే శుక్రవారం వస్తాడు.

డిసెంబరు 14

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. చట్రం కుడికి తిరిగి ఉండటం చూసి తల ఊపాడు. ఇది మామూలేనన్నట్టు ఊపాడు. అది తెలియడానికి నాకు రెండు నెలల పైనే పట్టింది.

డిసెంబరు 23

ఆదివారం. చలి, పొగమంచు ఎనిమిదింటికి విడిచింది. చిలకమ్మ కూడా వచ్చింది, ఫ్లాస్కులో టీతో. తిమోతి పొద్దున్నే ప్రార్థన చేసుకుని, క్రిస్మసుకు కుట్టించుకున్న కొత్త చొక్కా రెండు రోజుల ముందే వేసుకుని వచ్చాడు. రెక్కలు బిగించి, ప్రతి మేకూ ఇద్దరం చూసుకున్నాం. అతను లోపల కూర్చున్నాక నేను నాలుగు బోల్టుల మీదా చెయ్యి వేసి చూశాను. అతను చూస్తూనే ఉన్నాడు.

ప్రొపెల్లరు విసిరాను. పక్కకు తప్పుకున్నాను.

పరుగెత్తింది. ఎడమకు పోతుందని నా ఒళ్ళంతా కుడికి ఒరిగిపోతోంది. పోలేదు. తోక లేచింది, చక్రాలు లేచాయి. చిలకమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, లేదా నేను ఆవిడది పట్టుకున్నాను. పసుపుపచ్చ విమానం క్యాంపు మీదుగా, సాల చెట్ల మీదుగా పెద్ద గుండ్రం తిరిగింది. ఇంకోటి తిరిగింది. ఒక్కసారి చాలన్నవాడు మూడోసారి కూడా తిరుగుతుంటే తిట్టుకున్నాను. దిగింది. రెండు గంతులేసి ఆగింది. గట్టు మీద జవాన్లు ఈలలు వేశారు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఇంజను ఆపి తిమోతి అలాగే కూర్చుని ఉన్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి. గాలికేనేమో. లోపలికి వంగి చూస్తే కాళ్ళకు బూట్లు లేవు, మేజోళ్ళతో ఉన్నాడు.

"బూట్లేవి?"

"పైన ఇప్పేసినానన్నా. రెండు కాళ్ళూ మడిసి ఊరికే కూకున్నాను. దేన్నీ తొక్కనేదు. అదే ఎల్లింది."

రైల్వేలో ఇన్నేళ్ళు పనిచేసి ఎన్నో మెప్పులు విన్నాను, ఇలాంటిది వినలేదు.

డిసెంబరు 31

తిమోతి లైసెన్సు ఇవాళ్టితో సరి. సాయంత్రం పూరీ గేట్ వెళ్ళాను. విమానానికి దుప్పటి కప్పుతున్నాడు. దుఃఖంగా ఉంటాడనుకున్నాను. కేకు కోసి పెట్టాడు. కలకత్తా క్లబ్బులో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళెవరైనా దీన్ని నడుపుతామంటే ఇస్తాడట. "ఎగిరేవోడికి ఇనుం ఎవుడు సేసినాడో తెలియాల కదా. ఇప్పుడు వెయ్యి," అని పంచి, సుత్తి నా చేతికిచ్చాడు.

ఎడమ కింద పాదం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. గ్రీజు తుడిస్తే ఆ ఇంగ్లీషు ఫిట్టరు వేసిన ఒక్క చుక్క కనిపించింది. ఎవరో, ఇప్పుడు ఉన్నాడో లేడో, వాళ్ళ కంపెనీ కూడా లేదు. నాకు రెండు చుక్కల గుర్తు. అక్కడ వేయబుద్ధి కాలేదు. వాడి చుక్క పక్కన ఒక్కటే వేశాను. రెండూ కలిసి నా గుర్తు లాగే ఉంది.

ఇంటికొచ్చేసరికి చిలకమ్మ వంటింటి పీట కింద పాత పేకింగ్ ముక్కలు రెండూ వేసుకుని కూర్చుని ఉంది. పీట ఇప్పుడు కదలడం లేదట.